రీసైక్లింగ్ డబ్బాలో వేసినదానిలో తరుగెంత? లెక్క తీసే పద్ధతి

కాగితం, అట్టపెట్టె, ప్లాస్టిక్ సీసా, గాజు సీసా, రేకు డబ్బా అన్నీ ఒకే డబ్బాలో వేయమనే పద్ధతి ఇళ్లవాళ్లకు సుఖంగా ఉంటుంది. ఆ సుఖానికి మూల్యం చెల్లించేది వేరుచేసే కేంద్రం. లారీ తెచ్చి పోసినదంతా బేళ్లుగా (గట్టిగా నొక్కి కట్టిన మూటలుగా) మారి మిల్లులకు చేరదు. కొంత భాగం రిజెక్టుగా పక్కకు పడి, డంపింగ్ యార్డుకో దహన కేంద్రానికో పోతుంది. ‘మా దగ్గర రిజెక్టు ఇంత శాతం’ అని కేంద్రాలు ఒక అంకె చెబుతుంటాయి. ఆ ఒక్క అంకెతో మీకు ఒరిగేదేమీ లేదు. డబ్బాలోకి రానే రాకూడని చెత్త, వచ్చినా యంత్రాలు పట్టుకోలేక వదిలేసిన మంచి సరుకు, రెండూ అందులో కలిసిపోయి ఉంటాయి. మొదటిదాన్ని తగ్గించాలంటే ఇళ్లకు వెళ్లి చెప్పాలి. రెండోదాన్ని తగ్గించాలంటే కేంద్రంలో పానా పట్టాలి.

ఈ రెండింటినీ విడదీసి తూచే పద్ధతి ఇక్కడ వివరిస్తున్నాను. మీరు పారిశుధ్య విభాగంలో పనిచేస్తున్నా, కేంద్రాన్ని నడుపుతున్నా, కాంట్రాక్టు సరిగా సాగుతోందో లేదో చూడాల్సిన బాధ్యత మీపై ఉన్నా ఇది పనికొస్తుంది. పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఒక కాటా, ఒక బల్ల, ఒక జల్లెడ, చెత్తను చేత్తో ముట్టుకోవడానికి వెనకాడని నలుగురు మనుషులు చాలు.

ముందు హద్దు గీయండి

లెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పని ప్రారంభించకముందే కాగితం మీద రాసుకోండి. కేంద్రం గేటు దగ్గర తూచిన బరువంతా రీసైకిల్ అయిపోయినట్టు చూపించే నివేదికలకు కొదవ లేదు. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన లెక్కింపు నిబంధనలు ఈ వెసులుబాటును మూసేశాయి. చెత్తను వేరుచేశాక, అసలు రీసైక్లింగ్ ప్రక్రియలోకి దిగే చోట ఉన్న బరువునే సభ్య దేశాలు చూపించాలి. పట్టణ చెత్తలో 2025కి 55 శాతం, 2030కి 60 శాతం, 2035కి 65 శాతం రీసైకిల్ చేయాలన్న లక్ష్యాలకు కొలత ఇదే. అంటే రిజెక్టు తీసేశాకే ఎంతైనా చెప్పుకోవాలి.

మీ లెక్కకు కేంద్రం గేటు ఒక కొస, బేళ్లు బయటికి వెళ్లే చోటు రెండో కొస అనుకోండి. మిల్లు లోపల జరిగే తరుగు (కాగితం గుజ్జు చేసేటప్పుడు పోయే పొట్టి పీచు, సీసాలు కడిగేటప్పుడు పోయే జిగురు, లేబుళ్లు) వేరే ఖాతా. దాన్ని ఇందులో కలపకండి. అది ఉందన్న సంగతి మాత్రం నివేదికలో ఒక వాక్యంగా రాయండి.

కాటా లెక్క

ఒక నెల మొత్తానికి లోపలికి వచ్చిన లారీల బరువు, బయటికి వెళ్లిన బేళ్లు, గాజు, రిజెక్టు బరువులు తీసుకోండి. నెల మొదటి రోజున, చివరి రోజున నేల మీద ఎంత సరుకు పేరుకుని ఉందో అంచనా కట్టి సరిచేయండి. ఈ సవరణ మర్చిపోతే లెక్క ఎటైనా వంగుతుంది.

నెల లెక్క స్థూలంగా సరిపోతుంది గానీ, కారణాలు తెలియాలంటే ఒక రోజు విడిగా పరీక్ష పెట్టాలి. ఆ రోజు ఉదయానికి నేల ఖాళీ చేయించండి, రిజెక్టు కంటైనర్ ఖాళీ చేయించండి, మామూలుగా వచ్చే లారీలనే పోయించండి. యంత్రాలను ప్రత్యేకంగా శుభ్రం చేయించకండి. పెళ్లిచూపులకు ముస్తాబు చేసినట్టు జల్లెడలన్నీ కడిగి, బెల్టు వేగం తగ్గించి, అదనంగా పదిమందిని నిలబెడితే వచ్చే అంకె ఆ ఒక్క రోజుదే అవుతుంది. ఎప్పుడు శుభ్రం చేస్తారో అప్పుడే చేయనివ్వండి, ఎంతమంది ఉంటారో అంతమందినే ఉండనివ్వండి.

లోపలికి వచ్చిన బరువు, బయటికి వెళ్లిన బరువు అణా పైసలతో సరిపోవు. తడి ఆరుతుంది, దుమ్ము లేస్తుంది. కాగితం నీళ్లు పీల్చుకునే సరుకు కాబట్టి వానాకాలంలో ఈ తేడా పెరుగుతుంది. మిల్లులు కూడా ఈ విషయంలో గట్టిగానే ఉంటాయి. పాత కాగితానికి యూరప్‌లో వాడే ఈఎన్ 643 ప్రమాణం ప్రకారం తేమ 10 శాతం దాటితే, దాటిన బరువును మిల్లు కోత పెట్టుకోవచ్చు. తేడా చిన్నదైతే ‘తేమ, దుమ్ము’ అని ఒక వరుస రాసి వదిలేయండి. పెద్దదైతే ఏదో ఒక లారీ కాటా ఎక్కకుండా వెళ్లిందని అర్థం. ముందు దాన్ని వెతకండి.

రిజెక్టు పడే నాలుగు చోట్లు

రిజెక్టు ఒకే చోట పుట్టదు. లారీ పోసిన గుట్ట ముందుగా చేతితో ఏరే బెల్టు మీదికి వస్తుంది. పెద్ద వస్తువులు, గొట్టాలు, బట్టలు, ప్లాస్టిక్ సంచులు అక్కడ తీసేస్తారు. తర్వాత తిరిగే పళ్లేల జల్లెడలు పెద్ద అట్టలను పైనుంచి దాటిస్తాయి. గాజు పగిలి, సుమారు 5 సెంటీమీటర్ల లోపున్న ప్రతి ముక్కతో కలిసి కిందికి రాలుతుంది. మిగిలినదాన్ని ఇంకో జల్లెడ చదునైనవిగా, గుండ్రనివిగా విడదీస్తుంది. చదునైనవి కాగితం వరసకు, గుండ్రనివి సీసాలు, డబ్బాల వరసకు పోతాయి. ఆ రెండో వరస మీద అయస్కాంతం ఇనుప రేకును, ఎడ్డీ కరెంట్ యంత్రం (వేగంగా మారే అయస్కాంత క్షేత్రంతో ఇనుము కాని లోహాన్ని పక్కకు విసిరేది) అల్యూమినియాన్ని, పరారుణ కిరణాలతో చూసే యంత్రాలు ప్లాస్టిక్ రకాలను తీసుకుంటాయి. ఎవరూ తీసుకోనిది బెల్టు కొసన పడుతుంది.

కాబట్టి నమూనాలు నాలుగు చోట్ల విడివిడిగా తీయండి: మొదట చేతితో ఏరినది, గాజుతో పాటు రాలిన సన్నటి ముక్కలు, డబ్బాల వరస కొస, కాగితం వరసలో ఏరి పారేసినది. అన్నీ కలిసి కంటైనర్‌లో నొక్కుడుపడ్డాక తీస్తే ఏ వస్తువు ఎక్కడ తప్పిపోయిందో బ్రహ్మకు కూడా తెలియదు. నాలుగు చోట్లా పడ్డ మొత్తం బరువును కూడా వేర్వేరుగా తూచండి. అది లేకుండా నమూనా శాతాలను మొత్తానికి అన్వయించలేరు.

నమూనా ఎంత ఉండాలి? కలిసిపోయిన పట్టణ చెత్తలో ఏముందో లెక్క కట్టడానికి వాడే ఏఎస్‌టీఎం (ప్రమాణాలు రూపొందించే సంస్థ) డీ5231 పద్ధతి ఒక్కో నమూనాకు 91 నుంచి 136 కిలోలు తీయమంటుంది. ఏడాదికి 1000 టన్నులు, అంతకు మించి తీసుకునే కేంద్రాలు లోపలికి వచ్చే సరుకును నమూనా తీసి తూచాలని ఇంగ్లండ్‌లో నిబంధన ఉంది. అక్కడ నమూనా బరువు 60 కిలోలు. మీరు పెద్ద వస్తువులు పడే చోట వంద కిలోల దాకా తీయండి, సన్నటి ముక్కలకు పది కిలోలు చాలు. అంతా ఒకేసారి తీయకుండా షిఫ్టు పొడవునా నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా తీసి కలపండి. ఉదయపు లారీలు ఒక వీధివి, సాయంత్రపువి ఇంకో వీధివి, రెండూ ఒకలా ఉండవు. పోగు మరీ పెద్దదైతే గుట్టగా పోసి, పైన చదును చేసి, నాలుగు భాగాలుగా చీల్చి, ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుని మిగతా రెండు తీసేయండి. కావలసిన బరువు వచ్చేదాకా అలాగే చేయండి.

తిరిగే బెల్టు మీది నుంచి చేత్తో నమూనా తీయకండి. వరస ఆపించి, మళ్లీ ఎవరూ పొరపాటున నొక్కకుండా స్విచ్చుకు తాళం వేయించి, అప్పుడు తీయండి. ఇళ్ల రీసైక్లింగ్ డబ్బాల్లో ఇంజెక్షన్ సూదులు రావడం అరుదేమీ కాదు. సూది దిగని చేతి తొడుగులు, కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ధనుర్వాతం, హెపటైటిస్ బీ టీకాలు ముందే వేయించుకుని ఉండాలి. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే బల్ల మీద తూచడానికి ప్రయత్నించకుండా ఇసుక ఉన్న బకెట్లో వేసి బయట పెట్టండి.

బల్ల మీద మూడు కుప్పలు

అసలు పని ఇక్కడుంది. చాలామంది రిజెక్టును ‘మంచిది, చెడ్డది’ అని రెండుగా విడదీసి ఊరుకుంటారు. మూడు కుప్పలు పెట్టండి: రాకూడనివి, పోకూడనివి, దారిలో పాడైనవి.

రాకూడనివి అంటే మీ సేకరణ జాబితాలో లేని వస్తువులు: పిల్లల డైపర్లు, బట్టలు, చెప్పులు, తోట గొట్టాలు, థర్మాకోల్, తిండి మిగుళ్లు. దేన్ని ఎక్కడ పెట్టాలో తేల్చేది ఆ జాబితా ఒక్కటే. మీకు రీసైకిల్ చేయదగినదిగా కనిపించినంత మాత్రాన ఒక వస్తువు మంచి కుప్పలోకి పోదు. ఊరూరికీ జాబితా మారుతుంది గనుక దాని నకలు ఒకటి బల్ల పక్కన గోడకు అంటించండి. లేకపోతే పెరుగు కప్పు దగ్గరే గంటసేపు వాదన నడుస్తుంది.

పోకూడనివి అంటే జాబితాలో ఉండి, బాగానే ఉండి, యంత్రాలకు తప్పించుకున్నవి. ఈ కుప్పను సరుకు వారీగా మళ్లీ విడదీసి తూచండి: అట్ట, కాగితం, తెల్ల సీసాలు, రంగు సీసాలు, పాల డబ్బాల ప్లాస్టిక్, అల్యూమినియం, ఇనుప రేకు, గాజు. ఒక్కో వస్తువు ఏ ఆకారంలో దొరికిందో కూడా పక్కన రాయండి. నలిగిందా, ఇంకోదానిలో దూరిందా, సంచిలో ఉందా, నల్లదా, చిన్నదా అన్నది తర్వాత చాలా చెబుతుంది.

దారిలో పాడైనవి మూడో కుప్ప. డబ్బాలో వేసేటప్పుడు మంచివే. నూనె సీసా మూత ఊడి తడిసిన వార్తాపత్రిక, గాజు పెంకులు గుచ్చుకున్న అట్ట, ఇసుక రేణువులంత చిన్నగా నలిగిన గాజు ఇందులోకి వస్తాయి. ఒకే డబ్బా పద్ధతి తనంతట తాను పుట్టించే తరుగు ఇదే. కాగితాన్ని, గాజును వేర్వేరుగా సేకరిస్తే ఇందులో చాలా భాగం ఉండదు. ఈ కుప్ప పెద్దదిగా వస్తే ఇళ్లవాళ్లను నిందించి లాభం లేదు, యంత్రాలు మార్చినా లాభం తక్కువే. సేకరణ పద్ధతి గురించి, లారీలో సరుకును ఎంత గట్టిగా నొక్కుతున్నారన్న దాని గురించి మాట్లాడాలి.

కొన్ని చోట్ల ఆగి చూడండి. ముడివేసిన నల్ల సంచి ఒకటి వచ్చిందనుకోండి. ఏరేవాళ్లు దాన్ని విప్పరు, విప్పే తీరికా ఉండదు. లోపల ఏముందో తెలియదు గనుక సూదులుంటాయేమోనన్న భయం కూడా. నేరుగా రిజెక్టులోకి విసిరేస్తారు. మీరు దాన్ని విప్పండి. లోపల శుభ్రంగా కడిగిన సీసాలు, మడతపెట్టిన పత్రికలు పొందికగా సర్ది ఉండవచ్చు. ఎవరో శ్రద్ధగా చేసిన పని మొత్తం ఆ ముడి దగ్గరే ఆగిపోయింది. లోపలి సరుకును ‘పోకూడనివి’లో, సంచిని ‘రాకూడనివి’లో వేసి, ‘సంచిలో దొరికింది’ అని విడిగా గుర్తు పెట్టండి. ఒక్క మాట చెప్పి వెనక్కు తెచ్చుకోగల తరుగు ఇది.

సగం నిండిన సీసా వస్తే లోపలి ద్రవాన్ని వేరే పాత్రలో వంపి తూచండి. ద్రవం చెత్త, సీసా సరుకు. అట్టపెట్టెలో కుక్కిన రేకు డబ్బాలను బయటికి తీసి, దేనికది తూచండి. సన్నటి ముక్కల నమూనాను ఒక సెంటీమీటరు జల్లెడ మీద పోసి, పైన మిగిలినదాన్ని మాత్రం చేత్తో ఏరండి. కిందికి దిగినదాంట్లో గాజు ఎంత, మట్టి ఎంత అని కంటితో అంచనా వేసి, అంచనా అని రాసి వదిలేయండి. దాన్ని కూడా గింజ గింజా ఏరుతూ కూర్చుంటే పని తెమలదు.

బేళ్లు కూడా విప్పించాలి

రిజెక్టు శాతం తక్కువగా ఉందంటే కేంద్రం బాగా పనిచేస్తోందని అనుకోకండి. బెల్టు వేగం పెంచి, ఏరేవాళ్లను తగ్గిస్తే రిజెక్టు తగ్గుతుంది. ఆ చెత్త బేళ్లలోకి వెళ్లి దాక్కుంటుంది. ప్రపంచమంతా చాలా ఏళ్లు ఇలాంటి బేళ్లనే చైనాకు పంపింది. 2017 జులైలో చైనా ఇలాంటి చెత్త దిగుమతిపై నిషేధాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థకు తెలియజేసింది. 2018 మార్చి నుంచి చాలా రకాల సరుకులో పరాయి పదార్థం 0.5 శాతం మించకూడదని పట్టుబట్టింది. దాంతో కేంద్రాలు బెల్టు నెమ్మది చేయక తప్పలేదు. రిజెక్టు అంకె పెరిగిన చోట అది కొంతవరకు నిజం బయటపడటమే.

పరీక్ష రోజున కట్టిన ప్రతి రకం బేలులో కనీసం ఒకటి విప్పించి, అదే బల్ల మీద ఏరించండి. కాగితం బేలులో దొరికే సీసా, ప్లాస్టిక్ బేలులో దొరికే కాగితం జాబితాలో ఉన్న సరుకే కావచ్చు, కానీ ఆ మిల్లుకు అది చెత్తే. గాజు గుట్టను కూడా వదలకండి. గాజు పేరుతో బయటికి వెళ్లే గుట్టలో మూతలు, రాళ్లు, చింపిన కాగితం, పింగాణీ ముక్కలు ఉంటాయి. ఆ గుట్ట గాజు కొలిమికి వెళ్తోందా, డంపింగ్ యార్డులో చెత్త మీద కప్పడానికి పోతోందా అని అడిగి తెలుసుకోండి. రెండోదైతే దాన్ని తరుగులోనే వేయాలని నా అభిప్రాయం. కేంద్రంవాళ్లు ఒప్పుకోరు. అయినా రాయండి.

అంకెలు వేయడం

ఉదాహరణకు 100 టన్నులు లోపలికి వచ్చాయనుకుందాం. బేళ్లు, గాజు కలిపి 81 టన్నులు, రిజెక్టు 17, తేమ, దుమ్ము 2. బల్ల మీద తేలిన శాతాలను అన్వయిస్తే 17 టన్నుల రిజెక్టులో రాకూడనివి 9, పోకూడనివి 5, దారిలో పాడైనవి 3 అని వచ్చింది. బేళ్లలో దాగిన చెత్త 3 టన్నులు, అదంతా రాకూడనివే అనుకుందాం. అంటే బేళ్లలో నికరమైన సరుకు 78 టన్నులు.

ఇప్పుడు మూడు అంకెలు వస్తాయి. రిజెక్టు శాతం 17. ఇళ్ల నుంచి వచ్చిన చెత్త 9కి 3 కలిపి 12 శాతం. మంచి సరుకుగా వచ్చినది 78, 5, 3 కలిపి 86 టన్నులు. అందులో పోయింది 8. అంటే తరుగు 9.3 శాతం. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మిగతా రెండింటికి బదులు కాదు. కాంట్రాక్టులో ఏ అంకె రాసి ఉందో చూసి, దానినే ఈ మూడింటిలో వెతకండి. చాలాసార్లు ‘రిజెక్టు’ అని రాసి, మనసులో ‘ఇళ్ల నుంచి వచ్చిన చెత్త’ అనుకుని సంతకాలు చేస్తారు. గొడవలు అక్కడే మొదలవుతాయి.

తరుగును బరువుతో పాటు విలువలోనూ కట్టండి. బరువులో గాజు ముందుంటుంది, విలువలో అల్యూమినియం. ఖనిజం నుంచి కొత్తగా తీయడంతో పోలిస్తే పాత అల్యూమినియాన్ని కరిగించడానికి శక్తి సుమారు 95 శాతం తక్కువ పడుతుంది. అందుకే టన్నుకు కొన్ని కిలోల అల్యూమినియం రిజెక్టులో కనిపించినా తేలిగ్గా తీసుకోకండి.

ఏ వస్తువు ఏ లోపాన్ని పట్టిస్తుంది

డబ్బాల వరస కొసన అల్యూమినియం డబ్బాలు కనిపిస్తే బెల్టు మీద సరుకు మందంగా పడుతోందని అనుమానించండి. ఎడ్డీ కరెంట్ యంత్రం పని చేయాలంటే వస్తువులు ఒకదాని మీద ఒకటి లేకుండా పలచగా పరుచుకోవాలి. మొదట సరుకు పోసే వేగం తగ్గించి మళ్లీ చూడండి. యంత్రం మార్చడం ఆ తర్వాతి మాట.

తెల్ల సీసాలు కొసకు వస్తున్నాయంటే పరారుణ యంత్రంలో గాలి ఊదే రంధ్రాలు మూసుకుపోయి ఉండవచ్చు, కటకం మీద దుమ్ము పేరుకుని ఉండవచ్చు. ఆ సీసాల్లో ఎక్కువ భాగం నిండా లేబుల్ తొడిగినవైతే తప్పు యంత్రానిది కాదు. అది చూస్తున్నది సీసాను కాదు, వేరే ప్లాస్టిక్‌తో చేసిన ఆ తొడుగును. నల్ల ట్రేలు కూడా అంతే. నలుపు కోసం కలిపే కార్బన్ పొడి కిరణాలను మింగేస్తుంది, యంత్రానికి అక్కడ ఏమీ కనిపించదు. అలాంటివి జాబితాలో పెట్టడమే తప్పు.

కాగితం బేలులో సీసాలు దొరికితే అవి ఎలా ఉన్నాయో చూడండి. పలకలా నలిగినవైతే జల్లెడ వాటిని కాగితమే అనుకుంది. లారీలో నొక్కుడు తగ్గించాలి, సీసాలను తొక్కి వేయమని ఇళ్లకు చెప్పడం మానాలి. గుండ్రంగా ఉన్న సీసాలే దొరికితే జల్లెడ ఇరుసుల చుట్టూ ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని సందులు మూసుకుపోయాయి. వరస ఆపి, ఇరుసులకు చుట్టుకున్నదాన్ని కత్తితో కోసి తీయడం తప్ప దీనికి మార్గం లేదు. రోజుకు ఎన్నిసార్లు చేస్తున్నారో రిజిస్టరులో చూడండి.

సన్నటి ముక్కల్లో చింపిన కాగితం, విడి మూతలు ఎక్కువగా ఉంటే జల్లెడను ఏమీ అనలేం. అవి ఆ సందుల్లోంచి రాలడానికి తగినంత చిన్నవి. మూతలు సీసాలకే బిగించి వేయమని, ముక్కలుగా చింపిన కాగితాన్ని ఈ డబ్బాలో వేయొద్దని చెప్పాల్సింది ఇళ్లకు. ఇళ్లకు పంపే కరపత్రంలో ఈ రెండింటితో పాటు ఇంకో రెండు మాటలు చాలు: సంచిలో కట్టకండి, బ్యాటరీలు వేయకండి. లిథియం బ్యాటరీ నలిగి నిప్పంటుకుంటే ఆ రోజు నేల మీదున్న సరుకంతా తరుగే. ఇరవై బొమ్మలతో కరపత్రం వేస్తే ఎవరూ చదవరు.

మళ్లీ ఎప్పుడు

ఒక్క రోజు పరీక్షతో ఏడాది అంకె చెప్పకండి. వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి తప్పక చేయండి. మూడు నెలలకొకసారి చేయగలిగితే మరీ మంచిది. ఏదైనా మార్పు చేస్తే (బెల్టు వేగం, కొత్త యంత్రం, కొత్త కరపత్రం) ఒకేసారి ఒకటే మార్చి, సరుకు కుదురుకున్నాక తూచండి. నివేదికలో మూడు అంకెలనూ, నాలుగు చోట్ల రిజెక్టు బరువులనూ, ఆ రోజు వాతావరణాన్నీ, బెల్టు దగ్గర ఉన్న మనుషుల సంఖ్యనూ రాయండి. బల్ల మీద ఏరినవాళ్ల చేత సంతకం చేయించి, ఒక నకలు కేంద్రానికి, ఇంకోటి సేకరణ విభాగానికి ఇవ్వండి.